మెట్టు, గీత, స్వరం: సంగీత లేఖన చరిత్రలో మెటల్ గిటారిస్టు

వ్యాససంగ్రహం:
ఎలక్ట్రిక్ గిటారుపై మెటల్ సంగీతం సాధన చేసే తెలుగు విద్యార్థి ముందుగా ట్యాబ్లేచర్ అనే లిపితో నేర్చుకుంటాడు. అయిదు గీతల పాశ్చాత్య లిపి ఆ తర్వాత, చాలాసార్లు ఒక అడ్డంకిగా, ఎదురవుతుంది. ఈ ఇబ్బందిని వ్యక్తిగత లోపంగా చూడడం పరిపాటి. వేలు ఎక్కడ పెట్టాలో చెప్పే లిపికీ, ఏ ధ్వని రావాలో చెప్పే లిపికీ మధ్య అయిదు శతాబ్దాలుగా సాగుతున్న వాదులాటలో ఇది తాజా ఘట్టమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 1550 నాటి స్వరమేళకళానిధి, 1892లో మొదలైన చిన్నస్వామి మొదలియారు ప్రయత్నం, 1904 నాటి సంగీత సంప్రదాయ ప్రదర్శిని ఈ చర్చకు ప్రధాన ఆధారాలు.

కీలకపదాలు: స్వరలిపి, స్టాఫ్ లిపి, ట్యాబ్లేచర్, గిటారు, మెటల్ సంగీతం, సుబ్బరామ దీక్షితులు, గమకం, ఇబ్రహీంపట్నం.

1. ఉపోద్ఘాతం:

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం పరిసరాలు నేడు ఇంజనీరింగ్ కళాశాలలకు పేరుపొందాయి. నాగార్జునసాగర్ రహదారికి ఇరువైపులా వెలసిన ఈ కళాశాలల వార్షికోత్సవాల్లో శాస్త్రీయ నృత్యం, సినిమా పాట, ర్యాప్‌లతో పాటు గిటారు బృందాలు కూడా వేదిక ఎక్కడం మామూలైంది. వాటిలో మెటల్ వాయించేవారు తక్కువమందే కావచ్చు. కానీ చేతి నైపుణ్యం విషయంలో వారిని తేలికగా తీసివేయలేము. నిమిషానికి రెండు వందల దెబ్బల వేగంలో మీటును అదుపులో ఉంచడం ఏళ్ల సాధన ఉంటే తప్ప అలవడదు.

ఇంత సాధన ఉన్న విద్యార్థి ముందు స్టాఫ్ లిపిలో రాసిన నాలుగు ఆవృత్తాల సులభమైన వరుస పెడితే తడుముకుంటాడు. పియానో నేర్చిన పదేళ్ల పిల్ల చదివేది అతను చదవలేడు. దీనిపై రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. ట్యాబ్ మాత్రమే తెలిసినవాడు సంగీత నిరక్షరాస్యుడు అన్నది మొదటిది. మెటల్ చెవితో నేర్చుకునే విద్య, దానికి కాగితంతో పనిలేదు అన్నది రెండవది. మొదటిది చెప్పేవారు ఎక్కువగా పరీక్షల కోసం బోధించేవారు, రెండవది చెప్పేవారు ఎక్కువగా వేదిక మీది వారు. రెండు వాదాలకూ చరిత్ర జ్ఞానం కొరవడిందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. తెలుగు సంగీత లేఖన చరిత్రను పక్కన పెట్టి ఈ ప్రశ్నను చర్చించడం వల్ల మన విద్యార్థికి తన ఇంట్లోనే ఉన్న తాళంచెవి కనిపించకుండా పోయింది.

2. 1550: గోలకొండ సింహాసనం, విజయనగర వీణ:

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు నిర్మాణాన్ని గోలకొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షాకు ఆపాదిస్తారు. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ప్రభువు ఈయనే. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానం ఈయనకే అంకితం. అన్న జంషీద్ భయంతో ఇబ్రహీం సుమారు ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో గడిపి, 1550లో గోలకొండ చేరి రాజయ్యాడు. సంగీత చరిత్రకు ఆ సంవత్సరం మరొక కారణంగా ముఖ్యం. అదే రామరాయల కోరికపై రామామాత్యుడు స్వరమేళకళానిధిని రచించినది 1550లోనే. ఇబ్రహీంకు ఆ గ్రంథంతో సంబంధం ఉందని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు, అలా ఊహించడం కూడా నా ఉద్దేశం కాదు. ఒకే ఆస్థాన వాతావరణం నుంచి ఒక చెరువు పేరూ ఒక వీణ లెక్కా మనకు మిగిలాయని గుర్తించడమే చాలు.

ఆ వీణ లెక్క గిటారు విద్యార్థికి ఆశ్చర్యం కలిగిస్తుంది. రామామాత్యుడు శుద్ధమేళ వీణకు నాలుగు తంత్రులు చెప్పాడు. వాటి శ్రుతి వరుసగా షడ్జం, పంచమం, పై షడ్జం, దానిపై మధ్యమం. ఆ తంత్రుల కింద ఆరు మెట్లు అమర్చి, ఏ తంత్రిపై ఏ మెట్టు ఏ స్వరం పలుకుతుందో వివరించాడు. పంచమ తంత్రిపై అయిదవ మెట్టు వద్ద పలికేది తర్వాతి తంత్రి విడిగా పలికే షడ్జమే. ఆ షడ్జ తంత్రిపై అయిదవ మెట్టు వద్ద పలికేది నాలుగవ తంత్రి మధ్యమం. నేటి గిటారిస్టు శ్రుతి చేసుకునేటప్పుడు చేసే పని ఇదే. అయిదవ మెట్టు నొక్కి, తర్వాతి తీగను దానికి కలుపుతాడు. గిటారులో ఒక్క చోట, మూడవ తీగ నుంచి రెండవ తీగకు మాత్రం, నాలుగవ మెట్టు.

స్వరాన్ని స్వరంగానూ, మెట్టుగానూ ఏకకాలంలో ఆలోచించడం మన శాస్త్రానికి కొత్త కాదని దీనివల్ల తెలుస్తుంది. ఆంధ్రుడని పరిశోధకులు భావించే సోమనాథుడు 1609లో రచించిన రాగవిబోధలో మరో అడుగు ముందుకు వేశాడు. ఆ గ్రంథపు అయిదవ ప్రకరణంలో రాగాల స్వరూపాన్ని స్వరాక్షరాలతో రాసి, వీణపై వేలు చేయవలసిన పనులకు ప్రత్యేక సంకేతాలు చేర్చాడు. స్వరాక్షరం ధ్వనిని చెబుతుంది, సంకేతం వేలిని నడిపిస్తుంది. ఈ రెండు పొరల లేఖనం తర్వాత మూడు శతాబ్దాలకు ఎట్టయపురంలో మళ్లీ కనిపిస్తుంది.

3. ఐరోపాలో వేలి లిపి:

ట్యాబ్లేచర్‌ను కంప్యూటర్ యుగపు సోమరి ఉపాయంగా భావించేవారు ఉన్నారు. అది పొరపాటు. వెనిస్‌లో ఒట్టావియానో పెట్రూచి 1507లో ఫ్రాంచెస్కో స్పినాచినో ల్యూట్ రచనలను ముద్రించినది ట్యాబ్లేచర్‌లోనే. ఆరు గీతలు, వాటిపై అంకెలు, పైన కాలాన్ని సూచించే గుర్తులు. ఇటలీ పద్ధతిలో పై గీత మందర తంత్రిని సూచించేది. 1536లో స్పెయిన్‌కు చెందిన లూయిస్ మిలాన్ తన ఎల్ మాయెస్త్రో గ్రంథంలో దాన్ని తలకిందులు చేసి, పై గీతను తారస్థాయి తంత్రికి కేటాయించాడు. నేటి గిటారు ట్యాబ్ అనుసరిస్తున్నది మిలాన్ వరుసనే.

గిటారు అయిదు గీతల లిపికి మారడం 18వ శతాబ్ది ఉత్తరార్ధంలో బలపడింది. కారణాలు సంగీతపరమైనవే. ట్యాబ్లేచర్ తీగ ఎప్పుడు మీటాలో చెబుతుంది, ఆ ధ్వని ఎంతసేపు నిలవాలో స్పష్టంగా చెప్పదు. ఒకే వాద్యంపై మంద్ర గళం, మధ్య గళం, తార గళం వేర్వేరు కాలాలతో నడిచినప్పుడు ఈ లోటు పెద్దదవుతుంది. పైగా ఒక వాద్యపు ట్యాబ్‌ను ఇంకో వాద్యకారుడు చదవలేడు. ఫెర్నాండో సోర్, మౌరో జూలియానీ తరం నాటికి గిటారిస్టు వయొలిన్, గాత్రం చేసేవారితో ఒకే కాగితం పంచుకోవలసిన పరిస్థితి ఏర్పడింది. అయిదు గీతల లిపి గెలిచింది అందుకే. అది ట్యాబ్ కంటే ఉన్నతమైనదన్న వాదానికి ఈ చరిత్ర ఆధారం కాజాలదు.

4. ఎట్టయపురం సమాధానం:

పాశ్చాత్య లిపి దక్షిణాదికి కొత్తగా వచ్చినప్పుడు మనవారు దానితో ఏంచేశారన్నది ఈ వ్యాసానికి కీలకం. ముత్తుస్వామి దీక్షితులు ఆంగ్ల బ్యాండు వరుసలకు సంస్కృత సాహిత్యం కూర్చి నొట్టుస్వర సాహిత్యాలు చేశారు. ఆ పేరులోనే 'నోట్' అన్న ఆంగ్లపదం స్థిరపడింది. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో పాశ్చాత్య వయొలిన్ నేర్చి కర్ణాటక సంగీతానికి తెచ్చారు. వరుస వచ్చింది, వాద్యం వచ్చింది, లిపి మాత్రం రాలేదు. చెవితో పట్టుకోగలిగిన తరానికి కాగితం అవసరం కనిపించలేదు.

అవసరం కనిపించినది మద్రాసు ప్రభుత్వ ఉద్యోగి, క్రైస్తవుడైన ఏ.ఎం. చిన్నస్వామి మొదలియారుకు. పండితుల తరం గతిస్తే కృతులూ పోతాయని ఆయన భయం. 1892లో ఓరియెంటల్ మ్యూజిక్ ఇన్ యూరోపియన్ నొటేషన్ అనే ప్రచురణ ప్రారంభించి, వాలాజాపేట శిష్యపరంపర నుంచి సేకరించిన త్యాగరాజ కృతులను అయిదు గీతల లిపిలోకి ఎక్కించాడు. తెలుగు సాహిత్యం స్టాఫ్ లిపి కింద అచ్చుకావడం తెలుగు సంగీత ముద్రణలో అపూర్వమైన విషయం. ప్రపంచమంతా చదవగల లిపి అన్నది ఆయన వాదం. అది సరైన వాదమే. కాని ఆ లిపి చదవగల పియానిస్టుకు త్యాగరాజ కృతి వినిపించేది కాదు, కృతి చదివి అర్థం చేసుకోగల గాయకుడికి ఆ లిపి వచ్చేది కాదు.

మొదలియారు తన సేకరణ కోసం ఎట్టయపుర ఆస్థాన విద్వాంసుడైన సుబ్బరామ దీక్షితులను (1839-1906) ఆశ్రయించాడు. కుటుంబ సంపదగా దాచుకున్న కృతులు బయటకు రావడానికి ఈ ఒత్తిడి ఒక ప్రధాన కారణం. ఎట్టయపుర ప్రభువు పోషణలో 1904లో వెలువడిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని ఆ ఒత్తిడికి ఫలితం, దానికి సమాధానం కూడా. తమిళ దేశంలోని ఒక సంస్థానంలో, విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో అచ్చయిన ఈ మహాగ్రంథపు భాష తెలుగు. లిపి తెలుగు. అయిదు గీతలను దీక్షితులు స్వీకరించలేదు. స-రి-గ-మ అక్షరాలనే ఆధారంగా ఉంచి, హ్రస్వ దీర్ఘాలతో కాలాన్ని, అక్షరాలపై గీతలతో వేగాన్ని, చుక్కలతో స్థాయిని చూపి, గమకాలకు ప్రత్యేక సంకేతాలు కల్పించారు.

ఈ సంకేతాలను మెటల్ గిటారిస్టు ముందు పెడితే అతను కొన్నింటిని వెంటనే గుర్తుపడతాడు. కింది స్వరం నుంచి పైకి జారడానికి దీక్షితులు వాడినది పైకెక్కే ఏటవాలు గీత, దిగజారడానికి దిగే ఏటవాలు గీత. గిటారు ట్యాబ్‌లో స్లైడ్‌కు వాడేవి ఈ రెండు గీతలే. కంపితానికి దీక్షితులు వాడినది అలల గీత. ట్యాబ్‌లో వైబ్రాటోకు వాడేదీ అదే. మెట్టుపై తంత్రిని లాగి పై స్వరాన్ని రాబట్టే ఒడుక్కల్‌కూ గిటారిస్టు బెండ్ అని పిలిచేదానికీ చేతిపనిలో భేదం లేదు. ఎవరో ఎవరినో అనుకరించారని దీని అర్థం కాదు. మెట్లు ఉన్న తంత్రీవాద్యాన్ని ఎదురుగా పెట్టుకుని రాసేవారికి చేతి కదలికే గీతగా తోస్తుంది. దీక్షితులు గమకాలను వివరించేటప్పుడు వీణపై వేళ్ల పనిని ఆధారం చేసుకున్నారు. కాబట్టి ప్రదర్శిని లిపి పూర్తిగా ధ్వనిలిపీ కాదు, పూర్తిగా వేలిలిపీ కాదు. రెండూ కలిసిన ఈ పద్ధతిని, ఎలక్ట్రిక్ గిటారుకు అత్యంత సమీపమైన భారతీయ లేఖనంగా పరిగణించవచ్చునని నా భావన.

20వ శతాబ్దిలో ఈ మార్గం ఆగిపోలేదు. వృత్తిరీత్యా వైద్యుడైన శ్రీపాద పినాకపాణి సంగీత సౌరభం సంపుటాల్లో కృతుల గమక వివరాన్ని స్వరలిపిలోనే ఎంతో సూక్ష్మంగా రాయగలమని చూపారు. లోకంలో వాడుకైన స్వరలిపి పుస్తకాలు మాత్రం సంకేతాలను వదిలేసి అస్థిపంజరాన్నే అచ్చువేశాయి. గురువు దగ్గర ఉన్నంతకాలం అది చాలు.

5. చెవి, స్టూడియో:

చదవకుండానే శిఖరం చేరవచ్చుననడానికి తెలుగునాట ఉత్తమ ఉదాహరణ పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్. మాండలిన్ వాయించడం రాని గురువు రుద్రరాజు సుబ్బరాజు పాడగా, శిష్యుడు విని వాద్యంపై పలికించేవాడు. ఎలక్ట్రిక్ మాండలిన్‌కు జంట తంత్రులు తీసి అయిదు ఒంటి తంత్రులు కట్టుకుని, మెట్ల వాద్యంపై గమకాన్ని సాధించాడు. మధ్యలో కాగితం అడ్డురాలేదు.

అదే కాలంలో మద్రాసు సినిమా రికార్డింగు గదుల్లో పరిస్థితి వేరు. అక్కడ పదుల సంఖ్యలో వయొలిన్లు, చెల్లోలు ఒకే రోజు, తొలిసారి చూసిన కాగితం నుంచి వాయించాలి. ఆ కాగితం అయిదు గీతల లిపిలోనే ఉండేది. మైలాపూరులో ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర ఆ లిపి నేర్చుకున్నవారిలో ఇళయరాజా ఒకరు. గ్రామసభల్లో చెవితో వాయించిన గిటారిస్టు ఆ లిపిని చేతపట్టి, సాగర సంగమం (1983) వంటి తెలుగు చిత్రాలకు వాద్యబృందాన్ని నడిపించాడు. ఒకే గదిలో తెలుగు గాయకుడి చేతిలో తెలుగు సాహిత్యం, వయొలిన్ వాద్యకారుడి ఎదుట అయిదు గీతలు. శ్రీనివాస్ దారి, ఇళయరాజా దారి పరస్పర విరుద్ధాలు కావు. ఒకరికి గురువు గొంతు అందుబాటులో ఉంది. ఇంకొకరికి పరిచయం లేని నలభైమందితో మాట్లాడవలసిన అవసరం ఉంది. మెటల్ విద్యార్థి తనకు ఏది ఉందో, ఏది అవసరమో ముందు తేల్చుకోవాలి.

6. మెటల్, ఆరు చోట్ల ఒక స్వరం:

బర్మింగ్‌హామ్ రేకుల కర్మాగారంలో వేళ్ల కొనలు పోగొట్టుకున్న టోనీ అయోమీ, బ్లాక్ సబ్బాత్ బృందంతో 1970లో వెలువరించిన తొలి ఆల్బం మెటల్‌కు ఆరంభంగా పరిగణింపబడుతుంది. గాయపడిన వేళ్లకు అనువుగా తీగలను వదులు చేయడం, 1971 నాటి మాస్టర్ ఆఫ్ రియాలిటీలో శ్రుతిని మూడు అర్ధస్వరాలు దించడం ఈ సంగీతపు గంభీర ధ్వనికి మూలమయ్యాయి. శ్రుతి మారితే ట్యాబ్ మారదు, వేళ్లు పాత చోట్లే ఉంటాయి. స్టాఫ్ లిపిలో మాత్రం ప్రతి స్వరం స్థానం మారాలి, లేదా మారనట్లు నటించి పాత శ్రుతిలోనే రాయాలి. మెటల్ ట్యాబ్ వైపు మొగ్గడానికి సోమరితనం కంటే ఇది బలమైన కారణం. 1980ల గిటారు పత్రికలు, 1997లో ఫ్రాన్స్‌లో పుట్టిన గిటార్ ప్రో సాఫ్ట్‌వేర్ ఈ మొగ్గును స్థిరపరిచాయి. విచిత్రమేమంటే గిటార్ ప్రో తెరపై ట్యాబ్ పైన స్టాఫ్ లిపి కూడా కనిపిస్తుంది. విద్యార్థి ఏళ్ల తరబడి కింది వరుసనే చూస్తాడు.

పై వరుస కష్టం కావడానికి గిటారు నిర్మాణమే కారణం. మొదటి తీగను విడిగా మీటితే వచ్చే 'ఇ' స్వరాన్ని తీసుకుందాం. అదే స్వరం రెండవ తీగ అయిదవ మెట్టుపై, మూడవ తీగ తొమ్మిదవ మెట్టుపై, నాలుగవ తీగ పద్నాలుగవ మెట్టుపై, అయిదవ తీగ పంతొమ్మిదవ మెట్టుపై, 24 మెట్ల గిటారులో ఆరవ తీగ చివరి మెట్టుపై కూడా పలుకుతుంది. కాగితంపై ఒక చుక్క, చేతికి ఆరు చోట్లు. పియానోలో ఈ చిక్కు లేదు. దానికి తోడు గిటారు సంగీతాన్ని అసలు ధ్వని కంటే ఒక స్థాయి ఎత్తున రాస్తారు. అయినా మెటల్ ఎక్కువగా వాడే మందర తీగ మూడు అదనపు గీతల కిందకు జారిపోతుంది. (24 మెట్లన్న లెక్క తంజావూరు వీణదీ కావడం గమనార్హం. రెండు స్థాయిలకు కావలసినవి అన్నే.)

ఇక్కడే మన శాస్త్రం సాయపడుతుంది. ఒకే మెట్టుకు 'డి షార్ప్', 'ఇ ఫ్లాట్' అని రెండు పేర్లెందుకన్నది ప్రతి విద్యార్థీ అడిగే ప్రశ్న. వేంకటమఖి 72 మేళాల పద్ధతిలో పన్నెండు స్వరస్థానాలకు పదహారు పేర్లున్నాయి. చతుశ్శ్రుతి రిషభం, శుద్ధ గాంధారం ఒకే మెట్టు. షట్శ్రుతి రిషభం, సాధారణ గాంధారం ఒకే మెట్టు. వరుసలో ఏ స్వరం ఏ పని చేస్తున్నదో పేరు చెబుతుంది, మెట్టు చెప్పదు. స్టాఫ్ లిపిలోని షార్ప్, ఫ్లాట్ తేడా వెనుక ఉన్న తర్కం ఇదే. మేళకర్త ఒకసారి బోధపడిన విద్యార్థికి కీ సిగ్నేచర్ పూర్తిగా పరాయిది కాదు.

మెటల్ ఇష్టపడే స్వరవరుసలు కూడా మనకు పరిచితమే. ఫ్రిజియన్ స్వరాలు హనుమత్తోడివి, ఫ్రిజియన్ డామినెంట్‌వి వకుళాభరణానివి, హార్మోనిక్ మైనర్‌వి కీరవాణివి. స్వరాలు ఒకటైనంత మాత్రాన రాగం ఒకటి కాదు. తోడి గాంధార కంపితం లేని తోడి తోడి కాదన్నది తెలిసిందే. లిపి చదవడం వరకు మాత్రం ఈ సామ్యం ఉపయోగపడుతుంది. లయ విషయంలో ఇంకా ఎక్కువ. మెటల్‌లో గుర్రపు నడక అని చెప్పదగిన గ్యాలప్ ఒక దీర్ఘం, రెండు హ్రస్వాలు: 'సా సస'. రెండు అక్షరాలు, ఒకటి, ఒకటి. ఏడు ఎనిమిదో వంతుల కొలత చూసి బెదిరే విద్యార్థి, మిశ్రగతిని చేత్తో వేయగలిగితే బెదరవలసిన పనిలేదు. స్టాఫ్ లిపిలో గిటారిస్టుకు ముందు రావలసినది లయ చదవడం, స్వరం చదవడం కాదు. మెట్టు సంగతి ట్యాబ్ చూసుకుంటుంది.

హైదరాబాదుకు చెందిన గాడ్‌లెస్ బృందం 2021లో స్టేట్స్ ఆఫ్ కేయాస్ ఆల్బం విడుదల చేసింది. ఇటువంటి బృందాల రచనలు ధ్వనిముద్రణలో నిలిచి ఉన్నాయి. వాటిని పాఠ్యాంశంగా విశ్లేషించదలచిన పరిశోధకుడు విని రాసుకోవలసిందే, అప్పుడు ఏ లిపిలో రాయాలన్న ప్రశ్న తప్పదు. ఇంగ్లండు, అమెరికా మెటల్ గురించి రాబర్ట్ వాల్సర్ 1993లో చేసిన అధ్యయనం స్టాఫ్ లిపి ఉదాహరణలతోనే గిటారు సోలోలకు బరోక్ రచనలతో ఉన్న బంధుత్వాన్ని నిరూపించింది. ర్యాండీ రోడ్స్ శాస్త్రీయ గిటారు అభ్యాసం, ఇంగ్వే మాల్మ్‌స్టీన్ వాద్యశైలి విశ్వవిద్యాలయ చర్చకు అర్హత పొందినది ఆ కాగితం వల్లనే. తెలుగు నేలపై పుట్టిన మెటల్‌కు అటువంటి కాగితం లేదు. ఆ కారణంగానే అది మన సంగీత చరిత్ర రచనలో కనిపించదు.

7. ఒక పాఠ నమూనా:

తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థికి నేడు స్టాఫ్ లిపి పాఠాలు ఆంగ్లంలోనే దొరుకుతున్నాయి. ఒక లిపి నేర్వడానికి ముందు ఒక భాష నేర్వవలసి వస్తోంది. ఈ భారాన్ని తగ్గించడానికి మూడు వరుసల పాఠం ఒకటి ప్రతిపాదిస్తున్నాను. పై వరుసలో స్టాఫ్ లిపి, మధ్యలో తెలుగు స్వరలిపి, కింద ట్యాబ్. మందర తీగ 'ఇ' ని షడ్జంగా తీసుకుని, ఫ్రిజియన్ వరుసలో 'సా సస రీ సస' అని రాస్తే మధ్య వరుస తయారు. ట్యాబ్‌లో ఆరవ గీతపై సున్న మూడుసార్లు, ఒకటి ఒకసారి, మళ్లీ సున్న రెండుసార్లు. స్టాఫ్ లిపిలో మూడవ అదనపు గీత కింద మూడు స్వరాలు, ఆ గీతపై ఒకటి, మళ్లీ కింద రెండు. ఒక్క వరుస చాలు, మూడు లిపుల సంబంధం పదిహేను నిమిషాల్లో కంటికి కడుతుంది.

ఈ నమూనాలో దీక్షితుల సంకేతాలకు లొంగనిది ఒకటుంది. అరచేతి అంచును తీగలపై ఆనించి, ధ్వనిని సగం నొక్కి మీటే పద్ధతి మెటల్‌కు ప్రాణం. పాశ్చాత్య ముద్రణలో దానికి స్వరాల వెంట రెండు పొడి అక్షరాలు, ఒక చుక్కల గీత వాడతారు. మధ్య వరుసలో దానికి గుర్తు కల్పించుకోవాలి. అక్షరం కింద ఒక చిన్న అడ్డగీత సరిపోవచ్చు. పేరు సంగతి అంత సులభం కాదు. మన విద్యార్థులు దాన్ని పామ్ మ్యూట్ అనే అంటున్నారు.